కొట్టానికి 0.35 రేకా, 0.50 రేకా?
దేవరకొండ వైపు పశువుల కొట్టం వేసేవాళ్లు ముందు చూసేది ధర. పైకప్పు రేకులో ఉక్కు మందం 0.35 ఎంఎం అయితే చదరపు మీటరుకు బరువు సుమారు 2.75 కిలోలు. 0.50 అయితే దాదాపు 3.9 కిలోలు, ఖర్చూ ఆ మేరకు ఎక్కువే.

కానీ ఎండాకాలం గాలిదుమారం లేస్తే పలుచని రేకు స్క్రూల దగ్గర చిరిగే ప్రమాదం ఎక్కువ. మనిషి ఎక్కినా సొట్ట పడుతుంది. పలుచని రేకుకు పర్లిన్లు (రేకుల కింద అడ్డంగా వేసే ఇనుప దూలాలు) దగ్గరదగ్గరగా పెట్టించాలి, మిగిలిన డబ్బు ఆ ఇనుముకే పోతుంది. బర్రెలుండే కొట్టానికి నేనైతే 0.50 అంటాను. కట్టెలు పెట్టుకునే చిన్న పాకకు 0.35 చాలు.

ఎండ వేడికి మాత్రం రెండూ ఒకటే. కప్పు ఎత్తు పెంచండి, తెల్ల రేకు తీసుకోండి. షాపులో చెప్పే మందం పూతతో కలిపా, ఉత్త ఉక్కుదా అని తప్పకుండా అడగండి.