తెరలో కలిసిపోయిన ఏసీ మీటలు: చెన్నై వానల్లో వాడి చూసిన తర్వాత

ఈ కారు ఇంజను సామర్థ్యం ఎంత, మైలేజీ ఎంత, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి అన్నవి కొనాలనుకునేవారికి ఇప్పటికే తెలిసి ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. నేను రాయదలచినది ఒక్క విషయం గురించే. ఏసీ ఫ్యాన్ వేగాన్ని, గాలి వీచే దిశను, ముందు అద్దానికి పట్టిన ఆవిరిని పోగొట్టే డిఫాగర్‌ను తయారీదారులు డాష్‌బోర్డు నడుమనున్న టచ్ స్క్రీన్‌లోకి చేర్చేశారు. ఆ నిర్ణయం మీద నాకు కోపం ఉంది, చెన్నైలో కొన్ని ఈశాన్య రుతుపవనాలు గడిచాక కూడా ఆ కోపం తగ్గలేదు. బండి పేరు చెప్పడం లేదు. ఇదే అమరిక ఇప్పుడు చాలా కంపెనీల కార్లలో కనిపిస్తోంది కాబట్టి పేరుతో పెద్దగా పనిలేదు.

ముందుగా మెచ్చుకోవలసినవి మెచ్చుకుంటాను. బండి ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగే ఎల్‌ఈడీ దీపాల పట్టీ, వెనక్కి వాలిన పైకప్పు, ఒక్క బటన్ కూడా కనబడని నున్నటి డాష్‌బోర్డు చూసి షోరూమ్‌లోనే మనసు పారేసుకున్నాను. వేళచ్చేరిలో మేముండే అపార్ట్‌మెంటు సెల్లారులో ఇప్పటికీ అదే అందమైన బండి. అయితే ఆ దీపాల పట్టీ అంతా ఒకటే ముక్క కావడం వల్ల ఓ మూల బైకు తగిలి చిన్న పగులు వచ్చినా మొత్తం మార్చాలంటారు. వాలిన పైకప్పు వల్ల వెనక అద్దం సన్నగిల్లి, అద్దంలో చూసి రివర్సు చేసే అలవాటు పోయి కెమెరా మీద ఆధారపడవలసి వస్తోంది. నిగనిగలాడే నల్లని ప్లాస్టిక్ మీద వేలిముద్రలు, చెన్నై దుమ్ము సాయంత్రపు ఎండలో ఎంత స్పష్టంగా కనిపిస్తాయంటే, తుడిచే గుడ్డ డోర్ అరలో శాశ్వతంగా ఉండిపోయింది.

తెరలో మంచిదేదీ లేదని కూడా అనను. పశ్చిమ మాంబళం సందుల్లో, ఒక పక్క ఆటో, మరో పక్క పూలబుట్ట ఉన్నచోట, బండిని చుట్టూ చూపించే కెమెరా నాకెంతో సాయపడింది. మ్యాపు పెద్దదిగా కనబడటం నిజంగా సుఖం. కానీ కెమెరా దృశ్యం తెర మీదికి వచ్చినంతసేపూ ఏసీ గుర్తులు మాయమవుతాయి. వానలో రివర్సు చేసేటప్పుడు అద్దానికి ఆవిరి పడితే, ముందు కెమెరాను మూసి, తర్వాత ఏసీ పేజీ తెరిచి, ఆ తర్వాత మళ్లీ కెమెరాకు రావాలి.

మన దేశంలో ఈ ఇబ్బందికి మరో మెలిక ఉంది. ఐరోపాలోని చాలా దేశాల్లోనూ అమెరికాలోనూ స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది కనుక అక్కడి డ్రైవరు నడిమి తెరను కుడిచేత్తో తాకుతాడు. మనకు స్టీరింగ్ కుడి పక్క ఉంటుంది కనుక ఎడమచెయ్యి చాపాలి. కుడిచేతివాటం ఉన్నవాళ్లం ఎడమ చూపుడువేలితో, బండి కుదుపుల మధ్య, గోరంత గుర్తు మీద గురి కుదరక పక్క గుర్తును నొక్కేస్తుంటాం. నా విషయంలో దీనికి చత్వారం కూడా తోడైంది. దూరాన వెళ్లే లారీ నంబరు స్పష్టంగా కనబడుతుంది, చేతి దూరంలో ఉన్న ఫ్యాన్ గుర్తు మాత్రం అలుక్కుపోయినట్టుంటుంది. చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని హైవే మీద నడపలేం కదా.

మా ఇంట్లో ఇంకా ఉన్న పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఏసీకి మూడు గుండ్రటి నాబులు ఉన్నాయి. కరెంటు పోయినా ఇల్లాలి చేతికి పోపులడబ్బా అందినట్టు, ఆ నాబులు చూపు రోడ్డు మీద నుంచి కదలకుండానే వేళ్లకు అందుతాయి. తిప్పిన ప్రతిసారీ టిక్కుమని ఒక మెట్టు ఎక్కినట్టు వేలికే తెలుస్తుంది. తెర మీద వేలికి తెలిసేదేమీ లేదు, తగిలిందా లేదా అన్నది మళ్లీ కంటితోనే చూసుకోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు పోతుంది.

ఆవిరి సంగతి కాస్త వివరించాలి, లేకపోతే నా కోపం అతిగా తోచవచ్చు. చెన్నైలో ముందు అద్దం రెండు రకాలుగా మసకబారుతుంది. ఉక్కపోసే తెల్లవారుజామున ఏసీ చల్లదనానికి అద్దం చల్లబడి, బయటి తేమ అద్దం బయటివైపు పేరుకుంటుంది. దానికి వైపర్ ఒకసారి ఆడించి, ఏసీ చల్లదనం కొంచెం తగ్గిస్తే చాలు, అద్దం మీదికి ఇంకా చల్లగాలి కొడితే మరింత మసకేస్తుంది. వాన పడి బయట చల్లబడినప్పుడు వ్యవహారం తారుమారవుతుంది. తడిసిన బట్టల తేమ, మనుషుల ఊపిరి లోపలివైపు అద్దానికి పడతాయి. అప్పుడు ఏసీ నడుస్తుండాలి, ఎందుకంటే గాలిలోని తేమను తీసేసేది అదే. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ ఆపి బయటి గాలిని రానివ్వాలి, గాలిని అద్దం మీదికి మళ్లించాలి, ఫ్యాన్ పెంచాలి, వీలైతే గాలిని కాస్త వెచ్చబరచాలి. దుమ్ముకూ ఎండకూ భయపడి మనం ఏడాది పొడుగునా రీసర్క్యులేషన్‌లోనే ఉంచుతాం కాబట్టి వానాకాలంలో ఆవిరి మరీ తొందరగా పడుతుంది. ఈ పనులన్నీ ఒక్క నొక్కుతో చేసేదే ముందు అద్దపు డిఫాగర్ మీట. నా బండిలో ఆ మీట తెరలోపల, రెండో పేజీలో ఉండేది.

నవంబరులో ఒక సాయంత్రం నెల్లూరు పెళ్లి నుంచి తిరిగి వస్తున్నాం. నేను, నా భార్య, మా అత్తగారు, వెనక సీట్లో మా అమ్మాయి. నాయుడుపేట దాటాక టీ కోసం ఆగినప్పుడు అందరం తడిశాం. సూళ్లూరుపేట దగ్గరికి వచ్చేసరికి వాన జోరందుకుంది, శ్రీసిటీ వైపు వెళ్లే కంటైనర్ లారీలు రెండు పక్కలా నీళ్లు చిమ్ముతున్నాయి. అద్దం అంచుల నుంచి మసక మొదలైంది. ఏసీ పేజీ తెరుద్దామని తెరను తాకాను, ఉలుకూ పలుకూ లేదు. మ్యాపు ఎక్కడిదక్కడ నిలిచిపోయింది, మేము ఎప్పుడో దాటేసిన వంతెన దగ్గరే బాణం గుర్తు ఆగి ఉంది. తెర కింద వెలుగుతూ ఉండే టచ్ పట్టీ మీద వేలు పెడితే దీపమైతే వెలుగుతోంది కానీ ఫ్యాన్ మారడం లేదు. మాటతో ఆదేశిద్దామంటే ఆ సదుపాయమూ అదే తెరకు చెందినది, తెరతోపాటే అదీ మూగబోయింది. ఫ్యాన్ రెండో మెట్టులో, గాలి కాళ్ల వైపు, రీసర్క్యులేషన్‌లో అలా బిగుసుకుపోయింది.

కొన్ని క్షణాల్లోనే నా ఎదుట చేతి వెడల్పు జాగా తప్ప మిగిలిందంతా పాలరంగు అద్దమైంది. నా భార్య చున్నీతో అద్దం తుడుస్తూ "ఏమండీ, ఎక్కడైనా పక్కకు ఆపండి" అంటోంది. పక్కకు ఆపడం ఆ చీకట్లో, లారీల నడుమ, అంత సులువు కాదు. ఉపాయం చెప్పింది మా అత్తగారు. "తలుపు అద్దాలు కాస్త దించండి బాబూ, ఊపిరాడితే ఆవిరి పోతుంది" అన్నారు. కిటికీలకు అసలైన మీటలు ఉండటం మా అదృష్టం. నాలుగు అద్దాలూ అంగుళం మేర దించాం, వాన లోపలికి జల్లుగా కొట్టింది, అందరం మళ్లీ తడిశాం, కానీ అద్దం మెల్లగా తేటపడింది. ప్రమాద సూచిక దీపాలకూ వేరే బటన్ ఉంది, వైపర్ స్టీరింగ్ పక్కనున్న లీవర్ మీదే ఉంది. ఈ మూడూ తెరలోకి వెళ్లకపోవడం వల్లే తడకు ఇవతలి పెట్రోలు బంకు దాకా నెమ్మదిగా చేరగలిగాం. అక్కడ ఇంజను ఆపి వెంటనే మళ్లీ తీస్తే తెర అలాగే ఉంది. బండికి తాళం వేసి, అందరం బంకు చూరు కింద నిలబడి, లోపలి ఎలక్ట్రానిక్స్ పూర్తిగా నిద్రలోకి జారేదాకా ఆగి తెరిచాకే కంపెనీ చిహ్నం చూపిస్తూ తెర లేచింది.

సర్వీస్ సెంటర్‌లో పరిశీలించి, లోపమేదీ నమోదు కాలేదని, సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్తది వేశామని చెప్పారు. న్యాయంగా చెప్పాలంటే ఆ తర్వాత తెర అంత మొండికెత్తలేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో డిఫాగర్ గుర్తు రెండో పేజీ నుంచి బయటపడి తెర అడుగున ఎప్పుడూ కనబడే వరసలోకి వచ్చింది, అది మెచ్చుకోదగిన మార్పే. దాంతోపాటే ఫ్యాన్ గుర్తు స్థానం కూడా మారింది, అన్నాళ్లూ వేలు నేర్చుకున్న దారి కాస్తా పోయింది. నాబును ఎవరూ రాత్రికి రాత్రి మరోచోటికి జరపలేరు.

నాలాంటివారి విసుగును కొలిచి చూసినవారు ఉన్నారు. స్వీడన్‌కు చెందిన వీ బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో 11 కొత్త కార్లనూ 2005 నాటి వోల్వో వి70నూ మూసివేసిన విమానక్షేత్రంలో గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించి, డ్రైవర్లకు నాలుగు పనులు అప్పగించింది. వాటిలో డిఫ్రాస్టర్ (మన డిఫాగర్ లాంటిదే) వేయడం కూడా ఉంది. బటన్లున్న పాత వోల్వోలో పనులు పూర్తయ్యేసరికి బండి 306 మీటర్లు సాగింది, అన్నిటికన్నా వెనకబడిన కొత్త కారు 1,372 మీటర్లు సాగింది. జర్మనీలో ఒక డ్రైవరు వానలో వైపర్ వేగాన్ని టచ్ స్క్రీన్‌లో మారుస్తూ రోడ్డు తప్పి చెట్లను ఢీకొంటే, కార్ల్స్‌రూ ఉన్నత న్యాయస్థానం 2020లో అతనికి విధించిన 200 యూరోల జరిమానాను, నెలరోజుల డ్రైవింగ్ నిషేధాన్ని సమర్థించింది. అమర్చింది కంపెనీ, కట్టింది డ్రైవరు. అమెరికాలో టెస్లా 2021లో సుమారు 1,35,000 పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది, మెమరీ చిప్ అరిగిపోయి తెర ఆగిపోతే వెనక కెమెరాతోపాటు డిఫాగర్ నియంత్రణ కూడా దెబ్బతింటుందన్నది కారణాల్లో ఒకటి. అది చదివినప్పుడు పెట్రోలు బంకులో చలికి వణికిన మా అత్తగారు గుర్తొచ్చారు.

ఇక ఐరోపా భద్రతా సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి పూర్తి మార్కులు కావాలంటే ఇండికేటర్లు, ప్రమాద సూచిక దీపాలు, వైపర్లు, హారన్, అత్యవసర కాల్ అనే ఐదింటికి అసలైన మీటలు ఉండాలంటోంది. మంచి మాటే, కానీ ఆ జాబితాలో డిఫాగర్ లేదు. మా బండి ఆ ఐదింటిలో నాకు పనిపడినవాటిని పాటించి కూడా నన్ను నడిరోడ్డు మీద గుడ్డివాణ్ని చేసింది. ఈ విషయంలో ఫోక్స్‌వాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మిండ్ట్ 2025లో ప్రకటించిన జాబితా నాకు ఎక్కువ నచ్చింది. శబ్దం, రెండు పక్కల వేడి, ఫ్యాన్, ప్రమాద సూచిక దీపాలు ఇకమీదట ప్రతి కారులోనూ బటన్లుగానే ఉంటాయని ఆయన చెప్పారు. ఫ్యాన్ ఆ వరసలో ఉండటం వానలో నడిపినవాడి ఆలోచనగా తోచింది. కార్లో టచ్ స్క్రీన్ ఈనాటి సంగతి కూడా కాదు, 1986లోనే బ్యూక్ రివియెరాలో ఏసీని తెరలోకి చేర్చారు, కొన్నేళ్లకే ఆ కారులో బటన్లు తిరిగి వచ్చాయి. ఒక తెరను పది మోడళ్లకు వాడుకుంటే అచ్చులు, తీగలు, బిగింపు ఖర్చు తగ్గుతాయని అర్థమవుతూనే ఉంది, ఆ తగ్గింపు మన బిల్లులో ఎక్కడ కనబడిందో మాత్రం నాకు తెలియరాలేదు.

ఈ బండి కొనమంటానా, వద్దంటానా అంటే, అది నడిపేవారిని బట్టి ఉంటుంది. మా అమ్మాయి దీన్ని చెన్నైలోనే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఉన్న ఆఫీసుకు నడుపుతుంది, ఏసీని ఆటోలో పెట్టి 24 డిగ్రీలకు వదిలేస్తుంది, మే నెల ఎండలో తెరను తాకే అవసరమే రాదు. ఆమె కంటికి గుర్తులు చిన్నవిగా లేవు, వేలికి గురి తప్పదు, నా ఫిర్యాదులు ఆమెకు చాదస్తంగా వినిపిస్తాయి. నగరంలోనే తిరిగే కుర్రవాళ్లకు ఇది ముచ్చటైన బండి. నలభై ఐదు దాటి, వానాకాలంలో నెల్లూరు, తిరుపతి వైపు తరచూ వెళ్లేవారు మాత్రం షోరూమ్ చుట్టూ ఒక రౌండు కొట్టి సరిపెట్టుకోకుండా, చూపు రోడ్డు మీదే ఉంచి ఎడమచేత్తో డిఫాగర్ వేయగలరో లేదో చూసుకోవాలి. తెర ఆగిపోతే ఏది పనిచేస్తుందో, ఏది చేయదో అమ్మేవారిని అడగాలి, నేను అడిగినప్పుడు మా షోరూమ్‌లో ఎవరికీ తెలియలేదు. నేనైతే అప్పు తీరేదాకా దీన్ని అమ్మను. తెర మరోసారి ఆగితే వారంటీలో ఉండగానే మొత్తం మార్పించుకోవాలని అనుకుంటున్నాను. ఈ నవంబరులో పెళ్లిళ్లకు వెళ్లవలసి వస్తే, రేడియో కూడా సరిగ్గా పలకని ఆ పాత హ్యాచ్‌బ్యాక్‌నే తీద్దామని మా అత్తగారు ఇప్పటికే చెప్పి ఉంచారు.