ఇరవై తలల టీకానా, కాడ టీకానా: ఫ్లూకి ఏది మేలు?

జూన్ వస్తే మా అమ్మకు ఫ్లూ టీకా వేయించాలి. "నిరుడు వేయించావు కదరా, మళ్లీ ఎందుకు?" అని ప్రతిసారీ అడుగుతుంది.

ఫ్లూ వైరస్ ఒంటి నిండా హెచ్‌ఏ అనే ప్రోటీన్ ముళ్లు ఉంటాయి. ముల్లుకు పైన తల, కింద కాడ. ఇప్పటి టీకా మన ఒంటికి ముఖ్యంగా తలనే గుర్తుపట్టడం నేర్పుతుంది. ఆ తల మారిపోతూ ఉంటుంది. అందుకే ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి డబ్ల్యూహెచ్‌ఓ టీకాలో ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. అంచనా కుదిరితే రక్షణ 40 నుంచి 60 శాతం. 2014-15లో అమెరికాలో అంచనా తప్పి, 20 శాతం లోపే ఆగింది.

అన్ని రకాలకూ పనిచేసే టీకా కోసం సాగుతున్న దారుల్లో రెండింటి మీద నాకు ఆశ.

మొదటిది తలలన్నీ ముందే చూపించేయడం. 2022లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 20 రకాల ముళ్లను, తలలతో సహా, మన ఒంటి కణాలే తయారుచేసుకునేలా సూచనలిచ్చే ఒకే ఎంఆర్ఎన్ఏ టీకా తయారుచేసి ఎలుకలకు, ఫెర్రెట్లకు (ముంగిసలాంటి చిన్న జంతువులకు) ఇచ్చారు. టీకాతో సరిగ్గా సరిపోని వైరస్ సోకినా జబ్బు తీవ్రత తగ్గింది. కొత్త రకం ఊడిపడే రోజుకు ఇదే మేలు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే కాబట్టి ఆ భయం నాకు చిన్నది కాదు. అయితే ఎంఆర్ఎన్ఏకి గట్టి చలువ కావాలి. బస్తీ దవాఖానా ఫ్రిజ్‌తో అయ్యే పనేనా అని నా టెన్షన్.

రెండోది కాడ. అది అంతగా మారదు. కానీ మన రోగనిరోధక శక్తి చూపంతా తల మీదే. అందుకే న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ శాస్త్రవేత్తలు కాడను అలాగే ఉంచి, డోసు డోసుకూ మనుషులు ఎరగని వేరే తల తగిలించారు. దాంతో ఒళ్లు కాడను గుర్తుపెట్టుకుంది. 2020లో వచ్చిన, మనుషులపై తొలి దశ పరీక్షల ఫలితాల్లో కాడను పట్టుకునే యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడే ప్రోటీన్లు) ఏడాదిన్నర దాకా నిలిచాయి. వైరస్ వచ్చి మన ఒంటి కణాలకు అతుక్కోవడాన్ని ఇవి పెద్దగా ఆపలేవు. జబ్బు ముదరకుండా చూస్తాయని ఆశ.

నా ఓటు కాడకే. ఇక్కడ ఫ్లూ వానల్లో ఒకసారి, చలికాలంలో మరోసారి విజృంభిస్తుంది. జూన్‌లో వేయించిన టీకా బలం ఫిబ్రవరికి సన్నగిల్లుతుంది. ఏటా డబ్బు పెట్టి వేయించుకోలేని ఇంటికి ఎక్కువ కాలం నిలిచేదే కావాలి.

అయితే యాంటీబాడీలు పుట్టడం వేరు, జబ్బు ఆగడం వేరు. ఎం-001 అనే మరో టీకా తొలి దశల్లో ఎంతో ఆశ పెట్టింది. 12,000 మందికి పైగా మనుషులతో జరిపిన మూడో దశ పరీక్షలో మాత్రం నిలవలేదని 2020లో తేలింది. కాడ టీకా కూడా ఆ గడప దాటాలి. అందాకా అమ్మను ఈ జూన్‌లోనూ బతిమాలి తీసుకెళ్తాను.