మహబూబ్‌నగర్‌లో 24 గంటల గుండె పరీక్ష: పని బాగుంది, అడిగే తీరు మారాలి

జడ్చర్ల దగ్గరి మా ఊరి నుంచి అన్నను, వదినను మహబూబ్‌నగర్‌లోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు తీసుకెళ్లి ఇద్దరికీ హోల్టర్ పరీక్ష (ఒంటికి వైర్లు అంటించి 24 గంటల పాటు గుండె కొట్టుకునే తీరు నమోదు చేసేది) చేయించాను. అన్నకు బ్రాందీ, వదినకు సాయంత్రమైతే కల్లు. ఇద్దరూ మానేస్తామన్నారు. ముందు గుండె సంగతి చూడాలని డాక్టరు పంపారు.

సిబ్బంది పనికి వంక పెట్టలేను. వదిన దగ్గరికి మహిళా టెక్నీషియన్ వచ్చి, తెర లాగి, ఏ వైరు ఎక్కడ వస్తుందో చెబుతూ పెట్టింది. అన్నకు ఛాతీ మీది వెంట్రుకలు గీసి, చర్మం శుభ్రంగా తుడిచి అంటించారు. లేకపోతే చెమటకు ఊడిపోతాయట. నడుముకు చిన్న పెట్టె, చేతిలో ఒక కాగితం. ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు దడ వచ్చిందో అందులో రాయాలి.

రిపోర్టు చూసిన డాక్టరు ఓపిగ్గా వివరించారు. ఆరోగ్యంగా ఉన్న గుండెలో రెండు స్పందనల మధ్య వ్యవధి ఒకేలా ఉండదు. ఊపిరి పీల్చితే కాస్త వేగం, వదిలితే నెమ్మది. ఈ హెచ్చుతగ్గులకు ముఖ్యంగా వేగస్ నాడి, అంటే మెదడు నుంచి గుండెకు వచ్చి దాని వేగాన్ని తగ్గించే నరం, కారణం. తాగుడుకు బానిసైనవారిలో దాని పట్టు సడలుతుంది. అన్న రిపోర్టులో తెల్లవారుజామున, గాఢనిద్ర వేళ కూడా వేగం దిగలేదు. పూర్తిగా మానేస్తే నెలల మీద కొంత కోలుకుంటుందన్నారు.

వదిన రిపోర్టును అన్న రిపోర్టు పక్కన పెట్టి పోల్చవద్దన్నారు. మామూలుగానే ఆడవారి గుండె మగవారికన్నా నిమిషానికి కొన్నిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అయినా వేగస్ ప్రభావం సగటున వారిలోనే ఎక్కువట. పైగా ఆడవారి శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి, అంతే బరువున్న మగవాడు తాగినంతే తాగినా ఆడవారి రక్తంలో మద్యం మోతాదు పెరుగుతుంది.

నాకు కోపం వచ్చింది కౌంటర్ దగ్గర. ఫారం నింపే అమ్మాయి అన్నను తాగుతారా అని అడిగింది. వదిన కాగితంలో మాత్రం అడగకుండానే 'లేదు' మీద టిక్కు పెట్టేసింది. పాలమూరులో కల్లు దుకాణం దగ్గర ఆడవాళ్లు కూర్చోవడం ఎవరికి తెలియదు? ఆ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు మన జిల్లాలో ఎన్నిసార్లు బయటపడలేదు? అలాంటి కల్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, విపరీతమైన దడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ప్రాణం మీదికి రావచ్చు. అంతకుముందు వేరే ఆసుపత్రిలో వదిన దడకు రక్తహీనత అని ఐరన్ మాత్రలిచ్చి పంపేశారు. కల్లు సంగతి ఒక్కరూ అడగలేదు. ఇక్కడ నేను గట్టిగా చెప్పి ఆ కాగితం దిద్దించాను.

వెళ్లేవారు వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, అది తెలియకపోతే రిపోర్టును తప్పుగా చదువుతారు. తాగుడు మానడం డాక్టరు పర్యవేక్షణలోనే మొదలుపెట్టండి. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఐదుకు మూడు ఇస్తున్నాను. ఆడవారిని కూడా పక్కకు పిలిచి, వెంట వచ్చినవారికి వినబడకుండా ఆ ప్రశ్న అడగడం మొదలుపెడితే మిగిలిన రెండూ ఇస్తాను.