ఫ్రెండ్‌తో కొండల్లోకి రోడ్ ట్రిప్: ఎల్లోస్టోనా, గ్లేషియరా, బాన్ఫ్-జాస్పరా? ఏది మేలు?

సమ్మర్ వస్తోందంటే చాలు అమెరికాలో ఉన్న మనవాళ్ళ గ్రూపుల్లో ఇదే చర్చ. వారం లీవ్ దొరికింది, కాలేజీ ఫ్రెండ్ ఒకడు రెడీ అన్నాడు, ఇంట్లోవాళ్ళు ఇండియా వెళ్ళారు, కారు తీసుకుని కొండల్లోకి పోదాం, ఎటు పోదాం? తిప్పి తిప్పి మూడు పేర్లే వస్తాయి. ఒకటి ఎల్లోస్టోన్, పక్కనే ఉన్న గ్రాండ్ టీటన్‌తో కలిపి. రెండోది మోంటానాలో గ్లేషియర్ నేషనల్ పార్క్. మూడోది బోర్డర్ దాటాక కెనడాలో బాన్ఫ్ నుంచి జాస్పర్ దాకా. మూడూ రాకీ పర్వతాలే గానీ ట్రిప్పులు మాత్రం అస్సలు ఒకలా ఉండవు.

నా ఓటు ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకోండి. ఇద్దరికీ కాళ్ళలో సత్తా ఉంటే గ్లేషియర్. నడక మన వల్ల కాదు, కారే మన ప్రపంచం అనుకుంటే బాన్ఫ్-జాస్పర్. ఎల్లోస్టోన్ ఈసారికి వదిలేయండి. ఎందుకంటే ఎల్లోస్టోన్‌కి మీరు ఎలాగూ వెళ్తారు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒకసారి, అత్తమామలు వచ్చినప్పుడు ఇంకోసారి, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్ళీ. ఫ్రెండ్‌తో ఒక్కడితో, ఎవరి టిఫిన్ టైమూ చూసుకోకుండా, ఎవరి మోకాళ్ళ నొప్పీ లెక్కేసుకోకుండా వెళ్ళే వారం మాత్రం పెళ్ళయ్యాక మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు, దాన్ని తీసుకెళ్ళి పార్కింగ్ లాట్లలో తిరగడానికి ఖర్చు పెట్టడం నాకు నచ్చదు.

అలాగని ఎల్లోస్టోన్‌ని తక్కువ చేయట్లేదు. 1872లో పెట్టిన పార్కు, ప్రపంచంలో మొదటి నేషనల్ పార్క్ అదే. వేడి నీటి బుగ్గలు, గీజర్లు (అంటే నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే చోట్లు), బురద కుతకుతలు అన్నీ కలిపి పది వేల పైచిలుకు ఉన్నాయి అందులో, గీజర్లే 500 దాటి. నేల కింద అగ్నిపర్వతం కాబట్టి ఆ వేడికి నీళ్ళు పైకి తంతుంటాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజర్ సుమారు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది, పక్కన బోర్డు మీద టైము కూడా రాసి పెడతారు. గ్రాండ్ ప్రిజ్మాటిక్ అనే పెద్ద వేడి బుగ్గ రంగులు చూడాలంటే చెక్క బాట మీద నడిస్తే ఆవిరి తప్ప ఏమీ కనపడదు, ఫెయిరీ ఫాల్స్ ట్రైల్ నుంచి పైకెక్కి ఓవర్‌లుక్ దగ్గర నిలబడాలి, అదీ ఎండ బాగా ఎక్కాక. ఇది చాలామంది మిస్సయి తర్వాత ఫొటోల్లో చూసి బాధపడుతుంటారు.

జంతువుల సంగతికొస్తే మిగతా రెండూ దీని దరిదాపుల్లోకి రావు. హేడెన్ వ్యాలీలో అడవి దున్నలు (బైసన్) మందలు మందలుగా రోడ్డు మీదకొచ్చి నిలబడతాయి, హారన్ కొట్టినా కదలవు, అసలు కొట్టకూడదు కూడా. లామార్ వ్యాలీలో తోడేళ్ళు. ఒకప్పుడు ఉన్నవన్నీ 1926 నాటికే వేటాడి అంతం చేసేశారు, 1995లో 14 తోడేళ్ళని కెనడాలోని అల్బర్టా నుంచి, అదీ జాస్పర్ పక్క ప్రాంతం నుంచే, పట్టుకొచ్చి ఇక్కడ వదిలారు. నా వాదనకి ఉన్న ఒకే ఒక్క పెద్ద కంత ఈ లామార్ వ్యాలీనే. తెల్లారుజామున నాలుగింటికి లేచి, గడ్డకట్టే చలిలో థర్మాస్‌లో టీ పోసుకుని, ఎవరో ముసలాయన పెట్టుకున్న పెద్ద స్కోప్‌లోంచి అడిగి మరీ చూసే పని ఫ్యామిలీతో కుదిరేది కాదు, ఫ్రెండ్‌తోనే కుదురుతుంది. అందుకని మీ ఇద్దరిలో ఒకడికైనా కెమెరా పిచ్చి, జంతువుల పిచ్చి ఉంటే నా ఓటు పక్కన పడేసి ఎల్లోస్టోన్‌కే పొండి.

మరి ఇబ్బంది ఏంటంటే డ్రైవింగ్. లోపలి రోడ్డు ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్ళు, స్పీడ్ లిమిట్ 45, మధ్యలో దున్నలు, మధ్యలో దున్నల్ని చూడ్డానికి ఆగిన కార్లు. కారు ఆపు, పార్కింగ్ వెతుకు, దిగు, చూడు, ఎక్కు, మళ్ళీ ఆపు. రోడ్ ట్రిప్‌లో జరిగే అసలు మాటలు, ఆ పాత గొడవలు, ఎవరు ఎక్కడ సెటిలయ్యారు, వీడి స్టార్టప్ ఎందుకు మునిగింది, ఇవన్నీ సాగాలంటే రోడ్డు కూడా కాస్త సాగాలి కదా. ఎల్లోస్టోన్‌లో మాట మొదలయ్యేలోపు ఇంకో గీజర్ వచ్చేస్తుంది. దక్షిణం గేటు దాటి గ్రాండ్ టీటన్‌లోకి దిగాక కొంచెం నయం, అక్కడ ముందు చిన్న కొండలు, తర్వాత పెద్ద కొండలు అనే వరస ఏమీ లేదు, చదునైన లోయలోంచి ఒక్కసారిగా ఏడు వేల అడుగులు నిలువుగా లేస్తాయి. ఆక్స్‌బో బెండ్ దగ్గర పొద్దున్నే గాలి లేనప్పుడు నిలబడితే నీళ్ళలో మౌంట్ మోరన్ తలకిందులుగా కనిపిస్తుంది. ఎల్లోస్టోన్ ప్లాన్ వేసేవాళ్ళు టీటన్‌కి ఒక పూట ఇస్తారు, రెండు రోజులు ఇవ్వాలి.

ఇప్పుడు గ్లేషియర్. ఇక్కడ అందరూ చెప్పేది గోయింగ్-టు-ది-సన్ రోడ్ గురించే. 50 మైళ్ళు, కొండ అంచుని చెక్కి 1932 నాటికి పూర్తి చేసిన రోడ్డు, లోగన్ పాస్ దగ్గర 6,646 అడుగుల ఎత్తు. అవలాంచ్ క్రీక్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల కంటే పొడుగు, 8 అడుగుల కంటే వెడల్పు ఉన్న బండి ఏదీ రానివ్వరు, అంత ఇరుకు. కానీ ఎవరూ చెప్పనిది ఏంటంటే, ఈ రోడ్డు మీద డ్రైవ్ చేసేవాడికి ఏమీ మిగలదు. పక్కన కూర్చున్నవాడు "అబ్బ, అటు చూడ్రా మామా" అంటుంటాడు, స్టీరింగ్ పట్టుకున్నవాడు చూశాడంటే ఇద్దరూ లోయలోనే. పడమర నుంచి తూర్పుకి ఎక్కితే లోయ అంచు మన లేన్ పక్కనే ఉంటుంది, వ్యూ అద్భుతం, గుండె దడ కూడా అద్భుతం. అందుకని ఒకడు వెళ్ళేటప్పుడు, ఇంకొకడు వచ్చేటప్పుడు నడపాలని ముందే మాట్లాడుకోండి. లేదా 1930ల నాటి ఎర్ర బస్సులు ఉన్నాయి, టాప్ తెరిచి తిప్పుతారు, డబ్బులు పోతే పోయాయిగానీ ఇద్దరూ మెడలు పైకెత్తి హాయిగా చూస్తారు.

నేను గ్లేషియర్‌కి ఓటేసింది మాత్రం ఆ రోడ్డు చూసి కాదు, నడక కోసం. హైలైన్ ట్రైల్ లోగన్ పాస్ దగ్గర మొదలయ్యి కింద రోడ్డు మీది లూప్ అనే మలుపు దాకా దాదాపు 12 మైళ్ళు, మొదట్లోనే ఒకచోట బాట కొండ గోడకి అతుక్కుని ఉంటుంది, పట్టుకోడానికి కేబుల్ కట్టి ఉంటుంది, కింద చూస్తే మనం వచ్చిన రోడ్డు దారప్పోగులా కనపడుతుంది. పార్కులోనే మెనీ గ్లేషియర్ అనే ప్రాంతం నుంచి గ్రిన్నెల్ గ్లేషియర్‌కి వెళ్ళొస్తే పదిన్నర మైళ్ళ పైనే, చివర్లో ఎక్కుడు ప్రాణం తీస్తుంది, పైకెళ్ళాక మంచు ముక్కలు తేలే చెరువు. 1850 ప్రాంతంలో ఈ పార్కులో దాదాపు 150 హిమానీనదాలు ఉండేవంటారు, 2015లో కొలిస్తే ఆ పేరుకి తగ్గ సైజులో మిగిలినవి 26. కాబట్టి పిల్లలు పెద్దయ్యాక వెళ్దాంలే అని వాయిదా వేసే లెక్క ఇక్కడ పనికిరాదు. ఇంత దూరం నడిచే ట్రైల్ మీద అమ్మానాన్నల్ని తీసుకెళ్ళలేం, పసిపిల్లల్ని అసలే తీసుకెళ్ళలేం, ఫ్రెండ్ ఉన్నప్పుడే వెళ్ళాలి. ఆరేడు గంటలు నడుస్తూ మాట్లాడుకుంటే కాలేజీలో చెప్పుకోని సంగతులు కూడా బయటికొస్తాయి. పైగా ఇక్కడ ఎలుగుబంట్లు ఎక్కువ, మలుపుల దగ్గర మనిషొస్తున్నట్టు వాటికి తెలియాలంటే గట్టిగా మాట్లాడుతూ నడవమని రేంజర్లే చెప్తారు. సినిమా హీరోల మీదో, పార్టీల మీదో ఇద్దరు తెలుగోళ్ళు వాదించుకుంటూ నడిస్తే ఏ ఎలుగుబంటీ ఆ దరికి రాదు.

తలనొప్పులూ ఉన్నాయి. పై రోడ్డు మంచు తీసి పూర్తిగా తెరిచేసరికి జూన్ చివరో జూలై మధ్యో అవుతుంది, అక్టోబర్‌లో మళ్ళీ మూత. 2021 నుంచి కొన్నేళ్ళు కారుకి ముందే స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు, ఆ రూల్ ఏడాదికో రకంగా మారుతోంది, వెళ్ళే ముందు పార్కు సైట్ చూసుకోవాల్సిందే. లోగన్ పాస్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. కలిస్పెల్ ఎయిర్‌పోర్టులో దిగితే పార్కు దగ్గరేగానీ జూలైలో రెంటల్ కారు రేటు చూసి కళ్ళు తిరుగుతాయి.

బాన్ఫ్-జాస్పర్ దగ్గరికొస్తే ఇది పూర్తిగా రోడ్డు ట్రిప్పే. లేక్ లూయీజ్ నుంచి జాస్పర్ దాకా ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే, 230 కిలోమీటర్లు, పెద్ద లారీల్ని రానివ్వరు, రోడ్డు వెడల్పు, స్పీడ్ 90 కిలోమీటర్లు, అడుగడుక్కీ ఆపుకోడానికి చోటు. అన్నిటికంటే ముఖ్యం, డ్రైవ్ చేసేవాడు కూడా అన్నీ చూడగలడు, ఎందుకంటే కొండలు పక్కన కాదు, ఎదురుగా ఉంటాయి. పేటో లేక్ నీలం చూసి ఎవరో ఫొటోషాప్ చేశారనుకుంటాం, హిమానీనదం కింద రాయి అరిగి పిండిలా నీళ్ళలో కలిసి తేలుతూ ఉండడం వల్ల వచ్చే రంగు అది. మధ్యలో అథబాస్కా గ్లేషియర్, ఏ సంవత్సరం మంచు ఎక్కడిదాకా ఉండేదో బోర్డులు పాతారు, ఆ బోర్డులు దాటుకుంటూ నడుస్తుంటే అసలు మంచు ఇంకా రాదేంట్రా అనిపిస్తుంది. దారిలో పెట్రోల్ దొరికేది సస్కాచెవాన్ క్రాసింగ్ దగ్గరే, చాలా దూరం సిగ్నల్ కూడా ఉండదు, కాబట్టి ట్యాంకు నింపుకుని, పాటలూ మ్యాపూ ముందే డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరాలి.

బాన్ఫ్ ఊరు మాత్రం జాతరే. లేక్ లూయీజ్ దగ్గర పార్కింగ్ కోసం తెల్లారేలోపు వెళ్ళాలి, మోరెయిన్ లేక్‌కి 2023 నుంచి సొంత కారు అసలు వెళ్ళనివ్వరు, షటిల్ బుక్ చేసుకోవాలి. రూము బాన్ఫ్‌లో కాకుండా పక్క ఊరు కాన్మోర్‌లో చూడండి. జాస్పర్‌లో 2024 జూలైలో కార్చిచ్చు వచ్చి ఊళ్ళో మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి, దారి పక్కన కాలిన చెట్ల మానులు కనపడతాయి, అయినా జాస్పర్‌కి వెళ్ళండి, బాన్ఫ్ కంటే జనం తక్కువ, మలీన్ లేక్ ఒక్కటి చాలు.

అసలు అడ్డం ఇక్కడ కొండలు కాదు, కాయితాలు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద హెచ్‌1బీలో ఉంటే కెనడా విజిటర్ వీసా విడిగా తీసుకోవాలి, గ్రీన్ కార్డ్ ఉంటే అక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపు గడువు ముగిసి ఉంటే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని 30 రోజుల లోపు వచ్చేసేవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది, కానీ దానికి షరతులున్నాయి, గ్రూపుల్లో ఎవడో చెప్పాడని నమ్మకుండా అటార్నీని అడిగి కదలండి. ఇద్దరిలో ఒకడి వీసా తేలకపోయినా ఆలోచన అక్కడితో ఆపేసి గ్లేషియర్ బుక్ చేసేయండి, బోర్డర్ దగ్గర టెన్షన్ పడుతూ చూసే కొండలు ఏం ఎక్కుతాయి బుర్రకి.

ఫ్రెండ్ ఇండియా నుంచి వస్తుంటే ఇంకో లెక్క. 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకి ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్లేషియర్ సహా 11 పార్కుల్లో 16 ఏళ్ళు దాటిన మనిషికి మామూలు టికెట్ మీద 100 డాలర్లు అదనంగా వేస్తున్నారు, లేదంటే 250 డాలర్ల పాస్ కొనుక్కోవాలి. ఇక్కడ ఉండేవాళ్ళకి ఏడాది పాస్ 80 డాలర్లే, ఐడీ చూపించాలి. కెనడాకి ఈ బాధ లేదు, కాకపోతే వాడి అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో చూసుకోవాలి.

తిండి సంగతి క్లుప్తంగా. మూడు చోట్లా పార్కు లోపల శాకాహారం అంటే ఆకులూ ఫ్రెంచ్ ఫ్రైసే. పులిహోర, చపాతీలు రెండు రోజులు లాగుతాయి, తర్వాత ఉప్మా పొడి, కప్ నూడుల్స్. క్యాంప్ స్టవ్ మీద పప్పన్నం కలలు కంటే ఎల్లోస్టోన్‌లో కష్టం, ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, కందిపప్పు ఎంతసేపైనా రాళ్ళలాగే ఉంటుంది. ఆవకాయ సీసా టెంట్‌లో పెట్టుకుని మాత్రం పడుకోకండి, వాసనొచ్చే ప్రతీదీ కార్లోనో ఇనప పెట్టెలోనో పెట్టి తాళం వేయాల్సిందే. కెనడా వైపు వెళ్తే కాల్గరీలో దిగగానే పంజాబీ హోటళ్ళూ ఇండియన్ షాపులూ ఉన్నాయి, అక్కడ మనకి చాలా సుఖం.

ఎప్పుడు? ఆగస్టులో ఏ సంవత్సరం ఎక్కడ పొగ కమ్ముతుందో చెప్పలేం, కార్చిచ్చుల కాలం. సెప్టెంబర్ రెండో వారం మూడు చోట్లా బాగుంటుంది, జనం తగ్గుతారు, ఎల్క్‌లు కూతలు పెడుతుంటాయి. సెప్టెంబర్ చివర్లో అయితే నేను నా ఓటు కూడా మార్చుకుని కెనడాకే పోతాను, మోరెయిన్ లేక్ పైన లార్చ్ చెట్లు పసుపు పచ్చగా మారేది అప్పుడే.

వారం కాకుండా తొమ్మిది పది రోజులున్నాయి, వీసాలు క్లియర్ అంటే మాత్రం ఈ పోటీయే అక్కర్లేదు. కాల్గరీలో దిగి జాస్పర్ దాకా పోయి వచ్చి, కిందికి గ్లేషియర్ తూర్పు గేటు సెయింట్ మేరీకి రండి, కాల్గరీ నుంచి మూడు గంటల పైన పడుతుంది, కార్డ్‌స్టన్ దాటాక కార్వే దగ్గర బోర్డర్. చీఫ్ మౌంటెన్ దారి ఇంకా అందంగానే ఉంటుందిగానీ ఆ పోస్టు వేసవి నెలల్లోనే తెరిచి ఉంటుంది. రెంటల్ కంపెనీకి బోర్డర్ దాటుతున్నామని ముందే చెప్పి కాయితం తీసుకోండి.

బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే ఘాటు స్ప్రే, మూడు చోట్లా కావాలి. విమానంలో హ్యాండ్ బ్యాగ్‌లోనే కాదు చెకిన్‌లో కూడా పెట్టనివ్వరు, దిగాక ఊళ్ళో కొనుక్కోండి, బ్యాగ్ లోపల కాకుండా నడుముకి పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు పారేయకుండా ట్రైల్ దగ్గర అప్పుడే వస్తున్న వాళ్ళకి ఇచ్చేయండి, నలభై యాభై డాలర్ల వస్తువు అది.