రెజ్యూమేలో బిట్లీ లింకు పెడితే ఎంతవరకు ఉపయోగం?

నౌకరీ (naukri.com) సైట్‌లో, లింక్‌డ్ఇన్‌లో, కంపెనీల కెరీర్ పేజీల్లో వరసగా అప్లై చేసినా ఫోన్లు రాకపోతే కారణం రెండు చోట్ల ఉండొచ్చు. రెజ్యూమే చూసినవాళ్లు మీ ప్రాజెక్టుల దాకా రావడం లేదు, లేదా వచ్చి చూసి వెళ్లిపోతున్నారు. మొదటిదైతే రెజ్యూమే పై సగం మార్చాలి, రెండోదైతే పోర్ట్‌ఫోలియో పేజీ మార్చాలి. బిట్లీ అంటే పొడవైన లింకును పొట్టిగా చేసి, దాన్ని ఎన్నిసార్లు నొక్కారో లెక్కించే వెబ్‌సైట్. లోపం ఏ వైపు ఉందో తేల్చడానికి, రెజ్యూమేలోని పోర్ట్‌ఫోలియో లింకుకు దాని ఉచిత ఖాతా బాగానే పనికొస్తుంది. అంతకు మించి ఆశిస్తే తప్పుదోవ పట్టిస్తుంది.

ఉచిత ఖాతాలో నెలకు చేసుకోగలిగే లింకులు చాలా తక్కువ. ఈ పరిమితిని కంపెనీ చాలాసార్లు మార్చింది, కాబట్టి చేరే ముందు ధరల పేజీ చూడండి. కొద్ది లింకులైనా ఈ పనికి చాలు, ఎందుకంటే కంపెనీకో లింకు చేయడం దండగ. అప్లికేషన్ వెళ్లే దారికి ఒక్కో లింకు చేయాలి: నౌకరీకి ఒకటి, లింక్‌డ్ఇన్‌కు ఒకటి, కెరీర్ పేజీలకు ఒకటి, తెలిసినవాళ్ల రిఫరల్‌కు ఒకటి. ఒక్కోదానికి ఒక రెజ్యూమే కాపీ. పక్కన ఒక షీట్‌లో తేదీ, దారి, ఎన్ని అప్లికేషన్లు వెళ్లాయో రాసుకోండి. ఈ షీట్ లేకుండా క్లిక్కుల లెక్కకు అర్థం లేదు.

లింకు గూగుల్ డ్రైవ్ ఫైలుకు వెళ్తుంటే షేరింగ్ 'రిస్ట్రిక్టెడ్'లో ఉండిపోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. క్లిక్ లెక్కలో పడుతుంది, కానీ అవతలివాళ్లకు కనిపించేది అనుమతి అడిగే పేజీ. 'ఎనీవన్ విత్ ద లింక్, వ్యూయర్' అని మార్చి, ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడాలి. ఉచిత ఖాతాలో లింకు గమ్యాన్ని తర్వాత మార్చలేం కాబట్టి ఫైలును సవరించాల్సి వస్తే డ్రైవ్‌లోని 'మేనేజ్ వెర్షన్స్' ద్వారా కొత్తది ఎక్కించండి, పాత లింకే పనిచేస్తుంది.

పీడీఎఫ్ చేసేటప్పుడూ జాగ్రత్త. వర్డ్‌లో 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఇస్తే లింకులు నిలుస్తాయి. 'ప్రింట్ టు పీడీఎఫ్' ఇస్తే మామూలు అక్షరాలుగా మిగిలిపోతాయి. 'పోర్ట్‌ఫోలియో' అనే మాట వెనక లింకు దాచితే, కంపెనీలు దరఖాస్తులను వడపోయడానికి వాడే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ రెజ్యూమే నుంచి అక్షరాలు మాత్రమే తీసుకున్నప్పుడు అది పోవచ్చు. చిరునామా బయటికి కనిపించేలా రాయడమే మేలు.

ఇక అంకెల సంగతి. ఈమెయిల్‌లో పంపిన లింకును మైక్రోసాఫ్ట్ సేఫ్ లింక్స్, ప్రూఫ్‌పాయింట్, మైమ్‌కాస్ట్ లాంటి భద్రతా సాఫ్ట్‌వేర్లు మనిషి కంటే ముందే తెరిచి పరీక్షించొచ్చు. తెలిసిన బాట్లను, అంటే మనుషుల బదులు లింకులు తెరిచే ప్రోగ్రాములను, బిట్లీ వడగట్టినా అన్నీ ఆగవు. మెయిల్ వెళ్లిన కొద్ది సెకన్లలోనే క్లిక్ పడి, హైదరాబాద్ కంపెనీకి పంపినదానికి అమెరికా అనో ఐర్లండ్ అనో చూపిస్తే దాన్ని మనిషి క్లిక్కుగా లెక్కేయకండి. మీరు పరీక్షించిన క్లిక్కులూ తీసేయాలి. అలాగే క్లిక్ లేనంత మాత్రాన రెజ్యూమే చదవలేదని కాదు. చాలామంది రిక్రూటర్లు పోర్టల్ ప్రివ్యూలోనే చదివి ముందుకు వెళ్తారు.

అందుకే ఒక్కో దారిలో కనీసం ఇరవై, ముప్పై అప్లికేషన్లు వెళ్లేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు. పదిలో ఒకటికీ రెండుకీ తేడా కాకతాళీయమే కావొచ్చు. ముప్పై పంపితే పది క్లిక్కులు వచ్చి ఒక్క ఫోనూ రాలేదంటే మాత్రం పేజీని అనుమానించాలి: ప్రాజెక్టు ఏం చేస్తుందో మొదటి రెండు లైన్లలో ఉందా, డెమో తెరుచుకుంటోందా, ఫోన్‌లో సరిగ్గా కనిపిస్తోందా చూడండి. ముప్పైకి ఒకటీ రాకపోతే రెజ్యూమేలో లింకు ఎక్కడుందో చూడండి. రెండో పేజీ అడుగున ఉంటే పేరు కిందికి తీసుకురండి.

బిట్లీలో రెండు బలహీనతలు ఉన్నాయి. పొట్టి లింకులంటే కొన్ని ఆఫీసు నెట్‌వర్కులు ఆపేస్తాయి, అనుమానంతో నొక్కనివాళ్లూ ఉంటారు. ఉచిత లింకులకు మధ్యలో ప్రివ్యూ పేజీ అడ్డం రావొచ్చు, ఉద్యోగ దరఖాస్తులో అది ఏమాత్రం బాగుండదు. పైగా క్లిక్ తర్వాత ఏం జరిగిందో బిట్లీ చెప్పదు.

సొంత వెబ్‌సైట్ ఉంటే మా సిఫారసు యూటీఎం ట్యాగులు (సందర్శకుడు ఎటునుంచి వచ్చాడో చెప్పేలా లింకు చివర చేర్చే సోర్స్, మీడియం, క్యాంపెయిన్ అనే గుర్తులు), వాటిని చదివి సైట్ సందర్శనలను లెక్కించే గూగుల్ అనలిటిక్స్ 4. ఇది ఉచితం. సోర్స్‌లో దారి పేరు, మీడియంలో రెజ్యూమే లేదా ఈమెయిల్, క్యాంపెయిన్‌లో నెల పెట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే (స్మాల్ లెటర్స్) ఉండాలి. నౌకరీ పేరును ఒకసారి పెద్దక్షరంతో, ఒకసారి చిన్నక్షరంతో మొదలుపెడితే రిపోర్టులో రెండు వరసలు వస్తాయి. 'ట్రాఫిక్ అక్విజిషన్' రిపోర్టులో 'ఎంగేజ్డ్ సెషన్స్' చూడండి. పది సెకన్లు దాటి ఉన్నవీ, రెండు పేజీలైనా చూసినవీ ఇందులో లెక్కకు వస్తాయి కాబట్టి పైన చెప్పిన భద్రతా సాఫ్ట్‌వేర్ల రొద చాలావరకు తగ్గుతుంది. పీడీఎఫ్ డౌన్‌లోడ్‌లనూ అనలిటిక్స్ దానంతట అదే నమోదు చేస్తుంది. పూర్తి అంకెలకు ఒకటి రెండు రోజులు ఆగాలి. యాడ్ బ్లాకర్ వాడేవాళ్లు ఇందులో కనిపించరు, కాబట్టి అసలు సంఖ్య కాస్త ఎక్కువే ఉండొచ్చు.

ఏ పద్ధతి వాడినా రిక్రూటర్ పేరును లింకులో పెట్టకండి, 'మీరు నా లింకు తెరిచారు కదా' అని మెసేజ్ అసలే పెట్టకండి. తమను గమనిస్తున్నారని తెలిస్తే ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుంది. ఫాలో-అప్ మెయిల్‌కు క్లిక్‌తో పని లేదు. అప్లై చేసిన వారం తర్వాత మామూలుగా రాయండి.