యాన్సిబుల్‌తో ఐదేళ్లు, బెజవాడ-గుంటూరు కలిపి 38 సర్వర్లు

బెంజి సర్కిల్ దగ్గర మా ఆఫీసు, గుంటూరు లక్ష్మీపురంలో బ్రాంచి, రెండు చోట్లా కలిపి 38 లైనక్స్ సర్వర్లు, వీటన్నిటికీ దిక్కు నేనూ గుంటూర్లో ఇంకో కుర్రాడూ. ఐదేళ్ల కిందటి దాకా ఒక్కోదాంట్లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే సర్వర్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) దూరి ఫైలు మార్చుకుంటూ పోవడమే, ఇరవయ్యోదానికి వచ్చేసరికి పందొమ్మిదోదాంట్లో ఏం చేశానో గుర్తుంటే ఒట్టు.

అందుకే అన్ని సర్వర్లనీ ఒక్కచోట నుంచే సెట్ చేసే టూల్ కోసం వెతికా. ముందు పప్పెట్ అనేది చూశా. అందులో ప్రతి సర్వర్లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టాలి, అది మామూలుగా 30 నిమిషాలకోసారి వెళ్లి కాన్ఫిగ్ (సెట్టింగులు) అడిగి తెచ్చుకుంటది, ఇద్దరు మనుషులున్న చోట అంత సంసారం మనకెందుకులే అనిపించింది. అదే పని చేసే యాన్సిబుల్‌కి అవతల సర్వర్లో ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే సరిపోద్ది. 2012లో వచ్చిన టూల్ ఇది, 2015లో రెడ్ హ్యాట్ కొనేసింది, కాబట్టి రేపు మూతపడుద్దేమో అన్న భయం కూడా లేదు.

అసలు చెప్పాల్సింది గ్రూపుల గురించి, అంటే ఒకే సెట్టింగులు కావాల్సిన సర్వర్లని ఓ పేరు కింద చేర్చడం. ఊరి పేరుతో గుంటూరు, విజయవాడ అని రెండు గ్రూపులు పెట్టా, పనిని బట్టి వెబ్, డీబీ (డేటాబేస్) అని ఇంకో రెండు. గుంటూరు గ్రూపులో అక్కడి డీఎన్‌ఎస్ (పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చి చెప్పే సర్వర్) అడ్రస్ రాశా, ఎప్పుడో హడావుడిలో వెబ్ గ్రూపులో కూడా బెజవాడ డీఎన్‌ఎస్ రాసి మర్చిపోయా. ఒకే లెవెల్లో ఉన్న గ్రూపుల్లో ఒకే వేరియబుల్ (సెట్టింగు పేరు) ఉంటే ఇంగ్లీషు అక్షరాల వరసలో చివరొచ్చిన గ్రూపుదే నెగ్గుద్ది, జీ ముందు డబ్ల్యూ తర్వాత, అంతే. నెలల తరబడి గుంటూరు వెబ్ సర్వర్లు బెజవాడనే అడుగుతున్నాయి, నాకు తెలీదు. ఓ రోజు పొద్దున్నే రెండు ఊళ్ల మధ్య లింకు పడిపోయింది, కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, సర్వర్లన్నీ పింగ్ అవుతున్నాయి గానీ పేర్లు రిజాల్వ్ అవట్లేదు" అన్నాడు. వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్లోనే అడ్రస్ చెప్పి చేత్తో మార్పించా. తర్వాత ఇన్వెంటరీలో (సర్వర్లు, గ్రూపుల జాబితా) గుంటూరు గ్రూప్ ప్రయారిటీ పెంచి సరిచేశా, అది గ్రూప్ వార్స్ (గ్రూపు వేరియబుల్స్ రాసుకునే) ఫైల్లో రాస్తే పని చెయ్యదు, ఇన్వెంటరీలోనే రాయాలి, దానికో సాయంత్రం పోయింది. ఇప్పుడు ఏ మార్పు చేసినా యాన్సిబుల్ ఇన్వెంటరీ కమాండ్‌కి హోస్ట్ పేరిచ్చి ఆ సర్వర్‌కి చివరికి ఏ విలువ దక్కిందో చూసుకున్నాకే ముందుకెళ్తున్నా.

హ్యాండ్లర్లు, అంటే ఏదైనా మారినప్పుడు మాత్రమే నడిచే పనులు, ఇంకో తలనొప్పి. సర్వర్ టైమ్ సరిచూసే క్రోనీ సర్వీసు ఫైలు మారింది, రీస్టార్ట్ చెయ్యమని హ్యాండ్లర్‌కి కబురెళ్లింది, ఈలోపు తర్వాతి టాస్క్ ఫెయిల్ అయ్యింది, ఇక హ్యాండ్లర్ నడవదు. రెండోసారి నడిపితే ఫైలు ఆల్రెడీ మారే ఉంది కాబట్టి కబురే వెళ్లదు. అంతా పచ్చగా ఓకే అని చూపిస్తది, సర్వీసు మాత్రం పాత టైమ్ సర్వర్నే పట్టుకుని కూర్చుంటది. టాస్క్ ఫెయిలైనా హ్యాండ్లర్ని నడిపించే ఫోర్స్ హ్యాండ్లర్స్ ఆన్ చేశాక ఆ బాధ తప్పింది.

యాన్సిబుల్ ఒకేసారి 5 సర్వర్లే చూసుకుంటది డీఫాల్ట్‌గా, ఆ సంఖ్య పెట్టే ఫోర్క్స్ సెట్టింగు 20 చేస్తే నత్తనడక పోయింది.

చెక్ (నిజంగా మార్చకుండా నడపడం), డిఫ్ (తేడాలు చూపించడం) పెట్టి నడిపితే ఏ లైను మారబోతుందో ముందే చూపిద్ది, నా మటుకు దీనికే ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే ఇది తనంతట తాను సింక్ చెయ్యదు, మనం నడిపినప్పుడే. కుర్రాడు రాత్రిపూట ఏ ఫైలైనా చేత్తో గెలికితే నేను మళ్లీ ప్లేబుక్ (యాన్సిబుల్‌కి పనులు రాసిచ్చే ఫైలు) కొట్టేదాకా అది అలాగే ఉంటది, కొట్టగానే వాడి మార్పు మాయం, "ఎవరన్నా తీసేసింది?" అని నన్నే అడుగుతాడు. ఇప్పుడు క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) రోజూ తెల్లారి నాలుక్కి చెక్ మోడ్‌లో నడిపి తేడాలు మెయిల్ చేయించుకుంటున్నా.

గుంటూర్లో రెండు సెంటాస్ 7 (పాత లైనక్స్) డబ్బాలు ఇంకా ఉన్నాయి, వాటిలో ఉన్నది పైథాన్ 2.7, యాన్సిబుల్ కోర్ 2.17 నుంచి దానికి సపోర్ట్ తీసేశారు, అందుకని వాటి కోసమే 2.16 పక్కన అట్టిపెట్టా. అవి మార్చడానికి బడ్జెట్ అడిగి ఏడాదైంది.