తాతయ్య రత్నం పెన్ను, నేను కొనుక్కున్న కొత్త పెన్ను

మా తాతయ్య పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకం లోపు ఆయన పెన్ను మళ్ళీ రాసేలా చేయించాలని నాలుగు నెలల క్రితం రాజమండ్రి వెళ్ళాను, అప్పుడే నాకోసం ఒక కొత్త రత్నం పెన్ను కూడా కొనుక్కున్నాను. అప్పట్నుంచీ రెండూ వాడుతున్నాను కాబట్టి రెండింటి గురించీ రాస్తున్నాను.

తాతయ్య ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. ఆ పెన్ను ఎప్పుడు కొన్నారో తెలీదు, మా నాన్న పుట్టకముందు నుంచీ ఉందని నాన్నమ్మ చెబుతుంది. నేను బాల్ పెన్నుతో రాస్తూ కనబడితే చాలు, పిలిచి కూర్చోబెట్టుకుని, రాజమండ్రిలో 1932లో రత్నం గారు స్వదేశీ పెన్ను మొదలుపెట్టడం, 1935లో గాంధీగారు దాంతో రాసి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నుల బదులు ఇది బాగా పనికొస్తుందని ఆయనకి ఉత్తరం రాయడం అంతా చెప్పేవారు. ఎన్నోసార్లు విన్నాను. ఇంకోసారి వినాలని ఉంది.

పోయిన తర్వాత మేకుకి తగిలించిన ఆయన చొక్కా జేబులో దొరికింది పెన్ను. ఇంకు ఎండిపోయి మూత బిగుసుకుపోయింది. హైదరాబాద్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు అడక్కుండానే పట్కారు పెట్టి తిప్పేశాడు, మూత రాలేదు గానీ బ్యారెల్ మీద గాటు పడింది. చాలా బాధేసింది. ఎబొనైట్ పెన్నులు తెలియనివాళ్ళ చేతికి దయచేసి ఇవ్వకండి.

ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం కలిపి వేడిచేసి గట్టిపరిచింది, ఆ కడ్డీల్నే లేత్ మీద తిప్పి చేత్తో పెన్నులు చేస్తారు. రాజమండ్రిలో ఈ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కాసేపు చూసి, ఇంటికి తీసుకెళ్ళి రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టి రేపు తీసుకురమ్మన్నారు. వేడినీళ్ళు మాత్రం వద్దు, రంగు పోతుంది అన్నారు. రావులపాలెం దగ్గర మా ఊరికి వెళ్ళి గాజు గ్లాసులో వేసి పెట్టాను. తెల్లారేసరికి నీళ్ళన్నీ నీలంగా ఉన్నాయి. అది తాతయ్య ఆఖరిసారి పోసుకున్న ఇంకు. పారబోయడానికి చేతులు రాలేదు, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాన్నమ్మ చూసి, "పారబోసెయ్యి నాన్నా, పెన్ను కడక్కుండా పెడితే మీ తాతయ్యకి ఎంత కోపమో తెలుసుగా" అంది. పారబోసి, ఆయన కడిగినట్టే మూడుసార్లు కడిగాను.

పెద్దాయన పెన్ను విప్పి, నిబ్బు కింద నాలికలో పేరుకున్నదంతా తీసి, మరలకి కొంచెం గ్రీజు రాశారు. మూడొందలు తీసుకున్నారు. మూత గోధుమరంగుకి తిరిగిపోయింది, లేత్ మీద పాలిష్ చేస్తే మళ్ళీ నల్లగా వస్తుంది, చెయ్యనా అని అడిగారు. వద్దన్నాను. జేబులోంచి పైకి కనబడేంత మేరే ఎండకి రంగు మారింది, జేబు లోపల ఉన్నదంతా ఇంకా నల్లగానే ఉంది. ఆ గీత చూస్తే ఆయన తెల్ల చొక్కా జేబు ఎంత లోతో తెలుస్తోంది, దాన్నెలా చెరిపిస్తాను?

నిబ్బు కూడా ఉంచేయమన్నాను. ఆయన రాసి రాసి ఒక పక్కకి అరిగిపోయింది, నేను మామూలుగా పట్టుకుంటే గీరుకుంటుంది. పెన్నుని బాగా వాల్చి, తాతయ్య పట్టుకున్నట్టు కాస్త ఎడమకి తిప్పితే సాఫీగా పోతుంది. అలా రాస్తే నా అక్షరాలు వంకరపోతాయి, అందుకే ఆఫీసుకి కొత్తది తీసుకెళ్తున్నాను.

కొత్తది చాలా బాగుంది. తేలిగ్గా ఉంటుంది, చెమట పట్టినా జారదు, చేతిలో లోహంలా చల్లగా తగలదు. మొదటి వారం మూత తీస్తే రబ్బరు వాసన వచ్చింది, తర్వాత తగ్గింది. నేను తీసుకున్నదాంట్లో లోపల ట్యూబు ఏమీ లేదు, డ్రాపర్‌తో నేరుగా బ్యారెల్లోకే ఇంకు పోయాలి, ఒకసారి పోస్తే నాకు రెండు వారాలు వస్తోంది. బ్రిల్ నీలం ఇంకు పోస్తున్నాను, తాతయ్య వాడిందే. అయితే ఇలాంటి పెన్ను ఏదైనా సరే, ఇంకు అడుగుకి వచ్చాక లోపలి గాలి మన చేతి వేడికి వ్యాకోచించి బొట్టు తోసేస్తుంది. పావు వంతు మిగలగానే నింపేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. జేబులో నిబ్బు పైకి ఉండేలా పెట్టుకోవాలి. వారం పాటు రాయకుండా వదిలేస్తే ఇంకు ఎండుతుంది కాబట్టి ఎప్పుడో ఒక సంతకం పెట్టేవాళ్ళకి నేను చెప్పను. రోజూ రాసేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోండి. కొత్తదానికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. పాతదానికి మార్కులు వేయడం నా వల్ల కాదు.

మొన్న ఊరికి పాత పెన్ను తీసుకెళ్ళాను. ఇంటి పద్దుల పుస్తకం తాతయ్య పోవడానికి నాలుగు రోజుల ముందు కూరల లెక్క దగ్గర ఆగిపోయింది, తర్వాత ఎవరూ రాయలేదు. నాన్నమ్మ అదే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, ఒక గీత కొట్టి ఈ నెల పాల లెక్క రాయమంది. పెన్ను ఎడమకి తిప్పి పట్టుకుని రాశాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "తేదీ మర్చిపోయావు" అంది.